గోళ్ళు కత్తిరించుకు రండి

నాగదుర్గ సుధాకర్ మొహం కన్నా ముందు అతని చేతులు చూసింది.

“టేబుల్ మీద పెట్టండి,” అంది.

సుధాకర్ పెట్టాడు. బొటనవేలి గోరు కింద ఎర్రమట్టి ఉంది. చూపుడువేలికి మొక్కల పాలు అంటి, ఎండి, నల్లబడింది. తెల్లారకముందే కడియపులంకలో మొక్కల లారీకి లోడు ఎత్తించి, అటునుంచి అటే మేనకోడల్ని బండెక్కించుకుని రాజమండ్రి వచ్చాడు. చేతులు కడుక్కోలేదని ఆమె అనుకుంటే పొరపాటు. కడుక్కున్న చేతులే అవి.

“రేపు రండి. గోళ్ళు కత్తిరించుకు రండి.”

“పొద్దుటినుంచి కూర్చున్నామండి.”

“ఆ గోళ్ళతో పాప కంటి మీద చెయ్యి వెయ్యనివ్వను.”

పక్క కుర్చీలో ఉన్న సుప్రియ, “నేను చెప్పాను మేడం, మావయ్యే వినలేదు,” అంది. ఆ పిల్ల అలాంటిదేమీ చెప్పలేదు.

సుధాకర్ లేచి వెళ్ళిపోయాడు. కోపం వచ్చి వెళ్ళాడనుకుంది నాగదుర్గ. కోపం వచ్చిన మాట నిజమే కానీ అతను వెళ్ళింది ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపుకి. నెయిల్ కట్టర్ కొని, మెట్ల మీద కూర్చుని పదివేళ్ళూ కత్తిరించుకున్నాడు. సబ్బు కొని, కుళాయి దగ్గర మోచేతుల దాకా రుద్దుకున్నాడు. తిరిగొచ్చి చేతులు మళ్ళీ టేబుల్ మీద పెట్టాడు.

“రేపటి దాకా ఎందుకండీ?”

అప్పుడు చూసింది ఆమె అతని మొహం. అతనూ చూశాడు. ఆమె కళ్ళజోడు తన అక్క కళ్ళజోడంత మందంగా ఉంది. అద్దాల వెనక కళ్ళు చిన్నగా కనిపిస్తున్నాయి. నవ్వు ఆపుకుంటున్నట్టు కూడా కనిపించింది కానీ అది అతనికి రూఢిగా తెలియలేదు.

సుప్రియ సుధాకర్ అక్క సత్యకుమారి కూతురు. తండ్రి సురేష్‌బాబు మొక్కల లారీ తోలుతాడు. నెలలో సగం రోజులు పుణే దారిలోనో నాగపూర్ దారిలోనో ఉంటాడు కాబట్టి తల్లీ కూతుళ్ళు పుట్టింట్లోనే ఉంటున్నారు. సుప్రియకి రెండో క్లాసులో సైటు వచ్చింది. ఏటా కళ్ళజోడు మారుతోంది, మారినప్పుడల్లా పవరు పెరుగుతోంది. ఇంట్లో మిగతావాళ్ళకి అదొక లెక్క కాదు గానీ సత్యకుమారి సంగతి వేరు. ఆమెకి మైనస్ పదకొండు. రెండేళ్ళ కిందట కంటి ముందు నల్లటి చుక్కలు కదిలితే దోమలనుకుంది. రెటీనా చిరిగిందని తేలి, లేజర్ చేశారు. ఆ రోజునుంచి కూతురు కళ్ళజోడు తుడుచుకుంటుంటే చూడలేక అవతలికి వెళ్ళిపోతోంది.

పిల్ల కనుగుడ్డు పొడుగ్గా పెరుగుతోందని డాక్టరు గారు చెప్పారు. పెరిగినది తగ్గదు. పెరిగే వేగాన్ని తగ్గించవచ్చు. అందుకు కంట్లో వేసే చుక్కల మందులున్నాయి, వేరే రకం అద్దాలున్నాయి, రాత్రి పెట్టుకుని పొద్దున్న తీసేసే లెన్సులున్నాయి. సుప్రియ కళ్ళ కొలతలు చూసి లెన్సులు పనికొస్తాయన్నారు. కొలతలు తీసేదీ, లెన్సు అమర్చేదీ, నేర్పేదీ ఆప్టోమెట్రిస్టు నాగదుర్గ.

ఇంట్లో ఎవరు పెట్టాలి అన్న దగ్గర పని ఆగింది. సత్యకుమారి ప్రయత్నించింది. కూతురి రెప్ప పట్టుకోగానే చెయ్యి వణికింది. అమ్మమ్మ సుబ్బాయమ్మని పెట్టమంటే, ఆ మాట వినగానే దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. మిగిలింది సుధాకర్. అంటు కట్టే చెయ్యి, కొమ్మలకి తీగ చుట్టే చెయ్యి. వణకదు.

నిజంగానే వణకలేదు. నాగదుర్గ చూపించినట్టు ఎడమచేత్తో రెప్పలు విడదీసి, వేలి కొసన లెన్సు పెట్టుకుని, మొదటిసారికే నల్లగుడ్డు మీద పెట్టాడు. సుప్రియ ఒక్క కన్నీటి చుక్క కార్చి, “చక్కిలిగింతగా ఉంది,” అంది.

“ఇప్పటికి బాగానే ఉంది,” అంది నాగదుర్గ. ఆమె నోట ఆ మాట మెప్పుదల కిందే లెక్క అని అటెండరు ఒకామె తరువాత సుధాకర్‌కి చెప్పింది.

జాగ్రత్తలన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. లెన్సుకి నీళ్ళు తగలకూడదు, బోరు నీళ్ళు గానీ మినరల్ వాటర్ గానీ. సబ్బుతో చేతులు కడిగి, తుడిచి, ఆరాకే ముట్టుకోవాలి. కన్ను ఎర్రబడినా నొప్పన్నా లెన్సు మానేసి అప్పటికప్పుడు ఫోన్ చెయ్యాలి.

“అసలిది లోపల ఏం చేస్తుందండి?” అని అడిగాడు సుధాకర్.

“పిల్ల నిద్రపోతున్నప్పుడు నల్లగుడ్డు పైపొరని కొద్దిగా సర్దుతుంది. పొద్దున్న తీసేస్తే పగలంతా కళ్ళజోడు లేకుండా కనిపిస్తుంది. కన్ను పొడుగయ్యే వేగం కూడా తగ్గుతుంది.”

“అంటే మేం కొమ్మకి తీగ చుట్టి వంచినట్టు.”

నాగదుర్గ అప్పటికే హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. నిడదవోలు వెళ్ళే ప్యాసింజర్‌కి టైమవుతోంది.

“అలాంటిదే అనుకోండి,” అంది.

సుధాకర్ అలాగే అనుకున్నాడు.

మొదటి నెలంతా పొద్దున్నే ఆమె దగ్గరనుంచి మెసేజ్ వచ్చేది. తీశారా, ఎరుపు ఉందా. తీశానండి, లేదండి. అంతే ఉండేది. ఒకరోజు సుధాకర్ దాని కింద ఆ పొద్దున విచ్చిన తెల్ల కలువ ఫోటో పెట్టాడు. ఆమె జవాబివ్వలేదు. మర్నాడు మాత్రం తీశారా అని అడిగాక, ఆ పువ్వు సాయంత్రానికి ముడుచుకుందా అని కూడా అడిగింది.

నెల తిరిగాక రోజూ అడగాల్సిన పని లేకపోయింది. అయినా మెసేజ్‌లు ఆగలేదు. కళ్ళ ఊసు తగ్గి మొక్కల ఊసు పెరిగింది. తన గది కిటికీలో కుండీ మొక్క ఎందుకు పసుపు పచ్చబడుతోందో ఆమె అడిగేది. నీళ్ళెక్కువయ్యాయని ఇతను చెప్పేవాడు. ఎక్కువ పొయ్యలేదని ఆమె వాదించేది. ఇంట్లో ఇంకెవరు పోస్తున్నారో కనుక్కోమంటే, తెల్లారకముందే లేచే తండ్రి కూడా పోస్తున్నాడని బయటపడింది.

సుప్రియకి ఇవన్నీ తెలుసు. కళ్ళజోడు లేకుండా అవతలి నర్సరీ బోర్డు చదివే పిల్లకి మావయ్య ఫోన్ చదవడం కష్టం కాదు.

“మావయ్యా, ఇవాళ మేడం ఏం పెట్టలేదా?”

“పెడితే నీకెందుకు?”

“నా కళ్ళ గురించేగా. నాకు కాకపోతే ఎవరికి?”

శ్రావణమాసంలో ఒక ఆదివారం నాగదుర్గ కడియపులంక వచ్చింది. తల్లి శ్యామలాంబకి తులసి కావాలంది. నిడదవోలులో తులసి దొరకదా అని సుబ్బాయమ్మ అనబోతే సత్యకుమారి మోచేత్తో పొడిచింది.

తులసి ఐదు నిమిషాల్లో దొరికింది. నర్సరీ చూడటానికి గంటన్నర పట్టింది. ఆఖరి మడుల దగ్గరుండగా వాన దిగింది. మడుల పైన పరిచిన షేడ్ నెట్ వానని ఆపదు, చిల్లులు పెట్టి పోస్తుంది. నాగదుర్గ కళ్ళజోడు మీద నీళ్ళు పడి ఏమీ కనిపించక నిలబడిపోయింది. చున్నీ అప్పటికే తడిసింది. సుధాకర్ జేబులోంచి మడతపెట్టిన పలుచటి గుడ్డ తీసి ఇచ్చాడు.

“పొడిగా ఉంది. ఉతికిందేనండి.”

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కళ్ళజోడు లేని ఆమె మొహం అతను మొదటిసారి చూశాడు. ఆమెకి అతను కనిపించడం లేదని, చూస్తే తప్పులేదని అనుకున్నాడు.

“చూస్తున్నారు కదా,” అంది ఆమె.

“కళ్ళజోడు లేకపోతే కనిపించదనుకున్నానండి.”

“మొహం కనిపించదు. తల ఎటు తిరిగిందో కనిపిస్తుంది.”

సుధాకర్ తల పక్కకి తిప్పాడు. తిప్పిన వైపు తీగ చుట్టిన మర్రి జాతి ఫైకస్ మొక్క ఉంటే, మాట మార్చడానికి దాని గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అల్యూమినియం తీగ చుట్టి కొమ్మని కావాల్సిన వైపు వంచుతారు. కొన్ని నెలలకి కొమ్మ ముదిరి వంపు నిలబడుతుంది. నిలబడగానే తీగ విప్పెయ్యాలి. విప్పకపోతే బెరడులోకి దిగుతుంది. పక్కనున్న ముసలి మొక్క చూపించాడు. దాని మాను చుట్టూ తాడు ఒరిసినట్టు మచ్చ ఉంది. తన తండ్రి విప్పడం మరిచిపోయిన తీగ అది. ఆయన పోయి నాలుగేళ్ళయినా మచ్చ పూడలేదు.

“పెట్టడం ఎవరైనా పెడతారండి. ఎప్పుడు తియ్యాలో తెలియడమే పని.”

నాగదుర్గ వింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి కూడా చూసింది. కానీ ఆమె ఆలోచన మొక్క మీద లేదు. తను అద్దాలు తుడుచుకుంటుంటే తల పక్కకి తిప్పినవాడి మీద ఉంది.

మూడు నెలల చెకప్‌లో సుప్రియ ఆఖరి వరస దాకా చదివింది. కొలతలు బాగున్నాయని నాగదుర్గ చెప్పింది. ఒక్క మాట మాత్రం అదనంగా అంది. ఎడమ కన్ను మీద లెన్సు అంచు అద్దినట్టు కొద్దిగా గుర్తు పడుతోంది. పొద్దున లెన్సు అతుక్కుని ఉంటోంది కాబట్టి, ముందు చుక్కలు వేసి, లెన్సు కదిలాకే తియ్యాలి. కాసేపట్లో ఆ గుర్తు దానంతటదే పోతుంది, కంగారేమీ లేదు.

కంగారేమీ లేదన్న మాట సుధాకర్ చెవిన పడలేదు. గుర్తు పడుతోందన్న మాట దగ్గరే అతను ఆగిపోయాడు. ఇంటికొచ్చి ముసలి ఫైకస్ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

వంపు నిలబడింది. పిల్ల ఆఖరి వరస దాకా చదువుతోంది. ఇంకా ఉంచితే బెరడులోకి దిగుతుంది.

ఆ రాత్రి సుప్రియకి లెన్సు పెట్టలేదు. “అయిపోయింది అమ్మలూ. ఇంక అక్కర్లేదు,” అన్నాడు. అక్కకి ధైర్యంగా చెప్పాడు. నాగదుర్గకి చెప్పలేదు. తరువాతి చెకప్‌కి తీసుకెళ్ళి, లెన్సు లేకుండా చదివించి, ఆమె మొహంలో నవ్వు చూడాలనుకున్నాడు. ఈసారి ఆ నవ్వు రూఢిగా తెలుస్తుందనుకున్నాడు.

మర్నాడు పొద్దున పిల్లని అరుగు మీద నిలబెట్టి అవతలి నర్సరీ బోర్డు చదవమన్నాడు. చదివింది. ఆ మర్నాడూ చదివింది. వారం తరువాత కూడా ఫోన్ నంబరుతో సహా చదివింది. సుధాకర్ ఆ సంగతి లోడు ఎత్తేవాళ్ళతో చెప్పాడు, ఎరువుల కొట్టులో చెప్పాడు, పుణే దారిలో ఉన్న బావకి ఫోన్ చేసి చెప్పాడు.

దీపావళి వెళ్ళాక వచ్చిన మొదటి సోమవారం సుబ్బాయమ్మ మొక్కు ఉందంటే అందరూ ద్రాక్షారామం వెళ్ళారు. కార్తీక సోమవారం కావడంతో గుడి కిటకిటలాడుతోంది. సుబ్బాయమ్మ దీపాలు వెలిగిస్తుండగా సుప్రియ మావయ్య చెయ్యి వదిలింది. మళ్ళీ పట్టుకుంది కూడా. మావయ్య వేసుకున్న లేత నీలం చొక్కా, అదే ఎత్తు. కొంతదూరం నడిచాక ఆ చెయ్యి గట్టిగా లేదనిపించి తలెత్తి చూస్తే, ఆయన మావయ్య కాడు. ఆయనా పిల్లని అప్పుడే చూసుకున్నాడు.

సుప్రియ చుట్టూ చూసింది. లేత నీలం చొక్కాలు చాలా ఉన్నాయి. దేని మీదా మొహం కనిపించడం లేదు.

ఆయన మంచివాడు. పిల్లని మైకు దగ్గరికి తీసుకెళ్ళాడు. కడియపులంక నుంచి వచ్చిన సుప్రియ అనే పాప ఇక్కడ ఉంది అని రెండుసార్లు అరిచారు. సుధాకర్ జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. పది గజాల అవతల పిల్ల కనిపించగానే ప్రాణం లేచొచ్చి చెయ్యి ఊపాడు.

పిల్ల అతని వైపే చూస్తోంది. చెయ్యి ఊపలేదు.

ఇంకో నాలుగడుగులు వేసి పేరు పెట్టి పిలిచాడు. గొంతు వినగానే పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేసింది.

సుధాకర్ కింద కూర్చుని అడిగాడు. “నేను కనిపించలేదా?”

పిల్ల తల అడ్డంగా ఊపింది.

“ఎప్పట్నుంచి?”

“నువ్వు లెన్సు మానేశాక రెండు మూడు రోజులు కనిపించింది. తరవాత మసక.”

“మరి బోర్డు చదివావు?”

“రోజూ అదే బోర్డు మావయ్యా. నాకు నోటికి వచ్చేసింది.”

“చెప్పలేదేం?”

“నువ్వు అందరికీ చెప్పేశావుగా. సుప్రియకి సైటు పోయిందని. లారీవాళ్ళక్కూడా.”

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సత్యకుమారి తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు ఆస్పత్రిలో నాగదుర్గ సుప్రియని చదవమంది. సుప్రియ రెండో వరస దగ్గర ఆగింది. నాగదుర్గ కంటి ఫోటో తీసి, స్క్రీన్ మీద కాసేపు చూసి, పిల్లని అటెండరు దగ్గరికి పంపింది.

“ఎన్నాళ్ళయింది మానేసి?”

సుధాకర్ చెప్పాడు. తీగ సంగతి, గుర్తు సంగతి, ఫైకస్ మచ్చ సంగతి, బోర్డు సంగతి, గుడి సంగతి. ఏదీ దాచలేదు.

“ఎవర్నడిగి మానేశారు?”

“ఎవర్నీ అడగలేదండి.”

“నా నంబరు మీ దగ్గరుంది. కలువపువ్వు ముడుచుకుందా లేదా నాకు చెప్పారు. ఇది చెప్పలేదు.”

సుధాకర్ తల దించుకున్నాడు.

“మానేసినందుకు కన్ను పాడవలేదు. అది మన అదృష్టం. కానీ ఇవాళ మీకు మీరే మానేశారు. రేపు మీకు మీరే నీళ్ళతో కడుగుతారు. ఎల్లుండి ఎర్రబడిన కంట్లో మీకు మీరే పెడతారు. అప్పుడు గుడిలో పిల్ల తప్పిపోవడంతో ఆగదు, కన్నే పోతుంది.” గొంతు పెంచకుండానే అంది. “ఈ లెన్సు నమ్మకం ఉన్న ఇంటికే ఇస్తాను. ప్రస్తుతానికి కళ్ళజోడు రాసిస్తున్నాను. మూడు వారాలాగి కొలతలు తీస్తాం. అప్పుడు డాక్టరు గారితో మాట్లాడతాను. ఇస్తానని మాటివ్వను.”

“నా తప్పుకి పిల్లకి శిక్షాండీ?”

నాగదుర్గ తన కళ్ళజోడు తీసింది. “ఇది మైనస్ తొమ్మిది. నా చిన్నప్పుడు ఈ లెన్సులు మా ఊరి దాకా రాలేదు. వచ్చినా పెట్టడానికి వణకని చెయ్యి మా ఇంట్లో లేదు. మీ ఇంట్లో ఉంది. అందుకే కోపం.”

కళ్ళజోడు పెట్టుకుని తరువాతి పేషంటుని పిలిచింది.

తరువాత మెసేజ్‌లు లేవు. సుధాకర్ రెండుసార్లు రాసి చెరిపేశాడు. సుప్రియ మళ్ళీ కళ్ళజోడుతో బడికి వెళ్ళింది. పిల్లే అతణ్ణి ఓదార్చింది. కళ్ళజోడుంటే మావయ్య గడ్డం మాసినట్టు కూడా కనిపిస్తోందని, గీసుకోమని చెప్పింది.

రెండో ఆదివారం మధ్యాహ్నం కడియం స్టేషన్లో దిగిన నాగదుర్గ ఆటో ఎక్కి నర్సరీకి వచ్చింది. సుధాకర్ అంట్లు కడుతున్నాడు. లేచి నిలబడ్డాడు.

“ఆ తీగ చుట్టిన మొక్క చూపించండి,” అంది.

చూపించాడు. పోయినసారి కంటే కొమ్మ లావెక్కింది. తీగ విప్పడానికి వచ్చింది.

“ఆ రోజు మీరు అడిగారు, తీగ చుట్టినట్టా అని. నాకు తీగ చుట్టడం అంటే ఏంటో తెలియదు. తెలియకుండానే అలాంటిదే అనేశాను. బండికి టైమవుతోందని.” ఆమె మొక్క వైపే చూస్తూ మాట్లాడింది. “తరవాత ఇక్కడే నిలబడి మీరు విప్పే సంగతి అంతా చెప్పారు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.”

“ఎందుకు తట్టలేదండి?”

“ఆలోచన ఇంకెక్కడో ఉంది.”

ఎక్కడ అని సుధాకర్ అడగలేదు. ఆమె చెవులు ఎర్రబడటం చూశాడు.

“ఇప్పుడు తీరిగ్గా చెప్తాను,” అంది. “కొమ్మ ముదురుతుంది. అందుకే వంపు నిలబడుతుంది. కంటి పైపొర ముదరదు. వారం తిరిగేసరికి పాత పొర పోయి కొత్తది వచ్చేస్తుంది.”

“అంటే ఎప్పుడూ లేత చిగురే.”

“ఊ. రాత్రి సర్దింది పగటికి సరిపోతుంది. మహా అయితే ఇంకో రోజో రెండు రోజులో. అందుకే రోజూ పెట్టాలి, పిల్ల ఎదిగే వయసు దాటేదాకా. ఏళ్ళు పడుతుంది.”

సుధాకర్ చేతిలో అంటు కట్టే కత్తి ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టాడు.

“అయితే ఇది తీగ కట్టడం కాదండి. నీళ్ళు పెట్టడం. నిన్న పెట్టానని ఇవాళ మానం. బతికింది కదా అని మానేస్తే చస్తుంది.”

“ఈసారి నిజంగానే అలాంటిది,” అంది నాగదుర్గ.

ఆమె బండి ఎక్కేదాకా వాళ్ళు ఇంకా మాట్లాడుకున్నారు గానీ అదంతా కిటికీలో మొక్క గురించే. అది చిగురించిందట.

మూడు వారాలయ్యాక కొలతలు తీశారు. కనుగుడ్డు పొడుగు ఎక్కువ పెరగలేదు. లెన్సులు మళ్ళీ మొదలుపెట్టొచ్చని డాక్టరు గారన్నారు. ఎడమ కంటికి గుర్తు పడకుండా లెన్సు కొద్దిగా మార్చి తెప్పించారు.

అది వచ్చిన రోజు నాగదుర్గ సుప్రియ గడ్డాన్ని మెషీన్ మీద ఆనించి, లెన్సు ఎలా కూర్చుందో చూస్తూ, వెనక నిలబడ్డ సుధాకర్‌తో మాట్లాడింది.

“ఒక్క షరతు. ఏదైనా మానెయ్యాలనిపిస్తే మానకముందు నాకు చెప్పాలి. మానేశాక కాదు.”

“చెప్తానండి.” కొంచెం ఆగాడు. “మానాలని అనిపించనిది ఒకటుంది. అది కూడా చెప్పాలాండీ?”

మెషీన్ పిడి మీద ఆమె చెయ్యి ఆగింది.

“ఏంటది?”

“మీతో మాట్లాడటం. రెండు వారాలు మానేసి చూశాను. మసకగా ఉంది.”

సుప్రియ గడ్డం కదపకుండా, “నాకేమీ వినబడట్లేదు మేడం,” అంది.

“నిన్ను చెవులు అడగలేదు. కళ్ళు తెరువు.”

పరీక్ష అయిపోయింది. నాగదుర్గ లైటు వేసి, రాయాల్సింది రాసి, మందుల చీటీ సుధాకర్ చేతికిచ్చింది. అతను గుమ్మం దాకా వెళ్ళాక చెప్పింది.

“ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. నిడదవోలు స్టేషన్ బయట ఎవర్నడిగినా చంద్రరావు గారిల్లు చెప్తారు. మీ అమ్మగారినీ అక్కగారినీ తీసుకురండి.”

“నేను?” అంది సుప్రియ.

“నువ్వు లేకుండా ఏం జరిగింది గనక,” అంది నాగదుర్గ.

చంద్రరావు స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. మాట తక్కువ, గోడ గడియారం వైపు చూపు ఎక్కువ. శ్యామలాంబ మినప గారెలు వేసింది. ఆమెకి సంబంధం మీద ఒకటే సందేహం. కూతురు ఆస్పత్రిలో పనిచేస్తుంది, అబ్బాయి మట్టిలో పనిచేస్తాడు. ఆ సందేహం ఆమె అనలేదు గానీ గారెల పళ్ళెం పెట్టేటప్పుడు అతని చేతుల వైపు చూసింది. సత్యకుమారి అది గమనించి, తమ్ముడి చదువు గురించి, నర్సరీ గురించి చెప్పుకొచ్చింది. సుబ్బాయమ్మ గారెలు మెచ్చుకుంది. మాటలు సర్దుకుంటున్నాయి అనుకునే వేళకి సుధాకర్ లేచి నిలబడ్డాడు.

“మేం బయల్దేరాలండి.”

సుబ్బాయమ్మ కొడుకు చొక్కా పట్టుకుని లాగింది. “పెళ్ళిచూపుల మధ్యలో లేస్తావేంట్రా?”

“ఈ ప్యాసింజర్ తప్పితే ఇంటికెళ్ళేసరికి పిల్ల నిద్రపోయే టైము దాటిపోద్దమ్మా. లెన్సు పెట్టాలి.”

“ఒక్కరోజుకి ఏమవుతుంది?” అంది శ్యామలాంబ. మర్యాదకే అంది.

“ఒక్క రాత్రి మానడంతోనే పోయినసారి మొదలయిందండి,” అన్నాడు సుధాకర్.

చంద్రరావు గడియారం వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో చేసి, “ఎక్కడుంది?” అని అడిగి పెట్టేశాడు.

“బండి ఇరవై నిమిషాలు లేటు. కూర్చోండి,” అన్నాడు. తరువాత భార్య వైపు తిరిగాడు. “ముప్ఫయ్యారేళ్ళు డ్యూటీ చేశాను. రోజూ చేసే పని రోజూ చేసేవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇంట్లోకి నడిచొచ్చినవాణ్ణి పంపించేస్తామా?”

శ్యామలాంబ ఇంకా సుధాకర్ చేతుల వైపే చూస్తోంది. అతను వాటిని నెమ్మదిగా కుర్చీ వెనక్కి తీసుకున్నాడు.

“ఆ చేతులు నేను ఎప్పుడో చూశానమ్మా,” అంది నాగదుర్గ గుమ్మంలోంచి. లోపలికొచ్చి అతని ఎదురుగా కూర్చుంది. “దాచకండి. టేబుల్ మీద పెట్టండి.”

సుధాకర్ పెట్టాడు. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. చూపుడువేలి మీద మొక్కల పాల మరక మాత్రం అలాగే ఉంది.

“ఇది ఎంత రుద్దినా పోదండి,” అన్నాడు.

“పోనక్కర్లేదు,” అంది నాగదుర్గ.